నేలచూపుల ఆటగాడు

కొత్త కోచ్ వచ్చిన మొదటి రోజే అతనికి ఆమెతో చెడింది. బంతి కాలి దగ్గరుంటే చాలు, దాన్నే చూస్తూ పరిగెత్తడం అతని అలవాటు. జట్టులో అతని ముద్దుపేరు నేలచూపులు. ఆ రోజు కూడా అలాగే పరిగెత్తి, మైదానంలో కోన్లు పేరుస్తున్న ఆమెను ఢీకొట్టాడు.

ఆమె లేచి మోకాలికంటిన మట్టి దులుపుకుంది.

"బంతి ఎక్కడికీ పారిపోదు. అప్పుడప్పుడు తలెత్తి లోకాన్ని కూడా చూడు."

జట్టంతా నవ్వింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాటి నుంచి ఆమె కొత్త డ్రిల్ పెట్టింది. కోన్ల మధ్య నుంచి బంతిని మెలికలు తిప్పుతూ తీసుకెళ్ళాలి. అవతలి చివర ఆమె చెయ్యెత్తి వేళ్ళు చూపిస్తుంది. ఎన్ని వేళ్ళో ఆగకుండా చెప్పాలి. మొదటి వారం అతను బంతినే చూసి చీవాట్లు తిన్నాడు. రెండో వారం పంతం పట్టి తలెత్తాడు. వానలో తడిసిన జుట్టును చెవి వెనక్కి తోసుకుంటూ ఆమె నిలబడి ఉంది. ఇక అంతే సంగతులు. మూడు చూపిస్తే ఐదన్నాడు, రెండు చూపిస్తే నాలుగన్నాడు. ఆమె నోట్‌బుక్‌లో ఇంటూ మార్కులు పెట్టుకుంటూ పోయింది.

ఫైనల్ ముందు రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆమె పది పేర్లు చదివి, పదకొండోది ఇంకా ఆలోచించాలంది. అతన్ని మాత్రం ఆశ పెట్టుకోవద్దంది. మూడేళ్ళుగా అతను బెంచీకే అంకితం. ఈసారీ ఆడకపోతే క్లబ్బు అతన్ని వదిలేస్తుంది. ఉండబట్టలేక కారణం అడిగాడు.

"ఒక్కసారైనా అంకె సరిగ్గా చెప్పావా? నీకింకా బంతి తప్ప ఏదీ కనబడట్లేదు."

"బంతి కనబడలేదు కోచ్." అతను గొంతు సవరించుకున్నాడు. "వేళ్ళూ కనబడలేదు. మీరు కనబడ్డారు."

బూట్ల లేసులు విప్పుతున్న వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆమె ముఖం ఎర్రబడింది. తిట్టబోయి, ఏదో తట్టి ఆగింది.

"అయితే ఈ వారమంతా బంతిని చూడనే లేదా?"

"ఒక్కసారీ లేదు."

ఆమె గుర్తు చేసుకుంది. బంతి అతని కాలి నుంచి జారలేదు, ఒక్క కోన్ కూడా పడలేదు. పెన్ను తీసి పదకొండో పేరు రాసేసింది. మిగతా సంగతులు మ్యాచ్ గెలిచాక మాట్లాడదామని అటు తిరిగిపోయింది. ఆమె నవ్వు ఆపుకోవడం కెప్టెన్ కంటపడింది.

ఫైనల్ చివరి నిమిషాల దాకా చెరో గోల్‌తో సమంగానే నడిచింది. అప్పుడు అతనికి బంతి అందింది. మీదికొచ్చిన ఇద్దరినీ తలెత్తుకునే తప్పించాడు. గోల్‌కీపర్ గీత వదిలి బాగా ముందుకొచ్చి ఉన్నాడు. పాత నేలచూపులకైతే అది జన్మలో కనబడేది కాదు. బంతి కిందికి కాలు దూర్చి పైకి లేపాడు. అది కీపర్ చేతుల మీదుగా వెళ్ళి వలలో పడింది.

స్టేడియం దద్దరిల్లింది. జట్టు అతన్ని భుజాలకెత్తుకుంది. స్టాండ్ దిగివచ్చిన అతని తల్లి కొడుకును దాటుకుని నేరుగా కోచ్ దగ్గరికి వెళ్ళింది.

"చిన్నప్పటి నుంచీ గుమ్మాలకు గుద్దుకుంటూ పెరిగాడమ్మా. తలెత్తి నడవరా అని మొత్తుకున్నా వినలేదు. ఇప్పుడు ఇంట్లో రోజంతా నీ మాటే. నీకిష్టమైతే వీణ్ణి నీకే అప్పజెప్పేస్తాను."

కోచ్ పైకి చూసింది. దించండిరా అని అతను స్నేహితులను బతిమాలుతున్నాడు.

"ఎడమ కాలు ఇంకా దండగే అత్తయ్యా. దానికి చాలా ఏళ్ళు పడుతుంది. నేనే దగ్గరుండి నేర్పుతాను."

అత్తయ్యా అన్న పిలుపు చెవిన పడగానే అతను భుజాల మీది నుంచి దూకేశాడు.