కార్డులోని గొంతు

సోమవారం సాయంత్రం ఆరు గంటలకు ఆమె గొంతు రెండోసారి పోయింది.

మొదటిసారి పోయింది ఐదు వారాల కిందట, ఆపరేషన్ బల్ల మీద. అది పోతుందని అందరికీ ముందే తెలుసు, అందుకు సిద్ధపడ్డారు కూడా. రెండోసారి మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆస్పత్రిలో కట్టు మార్పించుకుని కూతురితో ఇంటికి వచ్చి, బల్ల మీదున్న చేతి కంప్యూటర్ తెరిచి, ‘మంచినీళ్లు ఇవ్వు’ అని పలికే మీట నొక్కింది. గుయ్యిమని చిన్న చప్పుడు తప్ప మరేమీ రాలేదు. ఇంకో మీట నొక్కింది. అదే చప్పుడు. కార్డు కనబడటం లేదని తెర మీద ఒక వరస మెరిసింది.

మర్నాడు ఉదయం పది గంటలకు ఆమె డిటెక్టివ్ గది మెట్లెక్కింది. కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్లింది, తలుపు దాకా వచ్చింది, మళ్లీ కిటికీ దాకా వెళ్లింది. మెడకు పలుచని తెల్లగుడ్డ, చంకలో తోలు సంచి, చేతిలో పిల్లలు రాసుకునే పలక. ఇరవై ఆరేళ్లు బస్ స్టేషన్‌లో ప్రకటనలు చదివిన మనిషి. ఊళ్లో సగం మందికి ఆమె ముఖం తెలియదు, గొంతు తెలుసు. ఆ గొంతు విని పరుగెత్తి ఎన్ని బస్సులు అందుకున్నాడో డిటెక్టివ్ సహాయకుడికే లెక్క లేదు. అతను రిటైరైన గుమాస్తా. ఇక్కడా అందరూ గుమాస్తా అనే పిలుస్తారు.

డిటెక్టివ్‌ను మాత్రం అందరూ మేడం అంటారు. ఒకప్పుడు పరీక్షల్లో చీటీలు పట్టుకునే బృందంలో పనిచేసింది. చీటీ ఉన్నవాడు దాన్ని దాచిన చోటు తప్ప అన్ని చోట్లా చూస్తాడని ఆమె అంటుంటే గుమాస్తా అరచేతిలో రాసుకునేవాడు.

కూతురు చెప్పింది, తల్లి అవసరమైన చోట పలక మీద రాసింది. ఆపరేషన్ తప్పదని తెలిశాక మేనమామ, అంటే ఆమె తమ్ముడు, విదేశం నుంచి ఈ చేతి కంప్యూటర్ తెప్పించాడు. కళ్లజోడు పెట్టెంత ఉంటుంది, పుస్తకంలా తెరుచుకుంటుంది, లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఓడలో రావడానికి ఇరవై మూడు రోజులు. వచ్చాక తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనబడ్డాయి. వాటిని సరిచేయడానికి ఒక వారం. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాడు, తెరకు పలుచని పొర వేశాడు, లోపలి స్పీకర్ దోమ గొంతులా ఉందని బయట ఇంకోటి తగిలించాడు. ఆపరేషన్‌కు ముందు మూడు వారాల పాటు అక్కను కూర్చోబెట్టి పదకొండు వందల నలభై మాటలు ఆమె గొంతుతోనే రికార్డు చేశాడు. అన్నీ చిన్న కార్డులో ఉన్నాయి.

“అందులో పదకొండు మామయ్యను తిట్టే తిట్లే,” అంది కూతురు. “నువ్వు ఎలాగూ మానవు, రికార్డు చేసుకో అన్నాడు.”

తల్లి నవ్వబోయి ఆగిపోయింది.

కార్డుకు నకలు ఉందా అని మేడం అడిగింది. ఆమె పలక మీద రాసింది: ‘తీస్తానన్నాడు. తీరిక దొరకలేదు.’

సోమవారం ఏం జరిగిందో వరసగా చెప్పమంది మేడం. పొద్దున తమ్ముడు యంత్రాన్ని సంచులు కుట్టే సూదాయన దుకాణంలో ఇచ్చి పనికి వెళ్లాడు, తోలు సంచి కుట్టించడానికి. ఒంటిగంటకు సూదాయన స్వయంగా తెచ్చి కూతురి చేతికిచ్చాడు. ఒంటిగంటన్నరకు తల్లీకూతుళ్లు యంత్రాన్ని బల్ల మీదే ఉంచి, ఇంటికి తాళం వేసి ఆస్పత్రికి వెళ్లారు. ఆరింటికి వచ్చారు. తమ్ముడు వాళ్ల వెనకాలే వచ్చాడు. లిఫ్టుల మెకానిక్. డ్యూటీ దిగి నేరుగా వస్తున్నానన్నాడు. కార్డు లేదని తెలియగానే సూదాయన దుకాణానికి వెళ్లి, కార్డేం చేశావని నలుగురిలో అడిగేశాడు. పెద్ద గొడవైంది.

“కార్డు పెట్టే చోటు మీరు తెరిచి చూశారా?” అంది మేడం.

“లేదండీ. అది బ్యాటరీ కింద ఉంటుంది. అమ్మ తెరవబోయింది. మామయ్య వద్దన్నాడు. లేదని తెర మీదే రాసుంది కదా, ఊరికే ఊడదీస్తే గాడి వదులైపోతుందన్నాడు.”

“మరి బ్యాటరీ తీస్తే?”

“తీస్తే మొత్తం ఆరిపోతుంది. ఛార్జర్ పెట్టినా అంతే. మామూలుగా మూత వేస్తే ఆరదు, కునుకు తీస్తుంది. మేమెప్పుడూ ఆర్పం.”

ఆమె సంచిలోంచి తీసి తెరిచిన యంత్రం మీదకు గుమాస్తా వంగి తెర చూశాడు. అడుగున ఒక మూల 18:40 అని ఉంది. గోడ మీద గడియారం పదీ ఐదు చూపిస్తోంది. “దీని గడియారం దాని దేశంలోనే ఉండిపోయినట్టుంది,” అన్నాడు.

“అది గడియారం కాదు అంకుల్,” అంది కూతురు. “మొత్తం ఆరి మళ్లీ లేచాక ఎంతసేపైందో చెబుతుంది. మధ్యలో కునుకు తీసినా లెక్క ఆగదు. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో చూడ్డానికి మామయ్య పెట్టాడు.”

రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోమని మేడం గుమాస్తాకు చెప్పింది. యంత్రాన్ని తెరవకుండా, ఆర్పకుండా అలాగే సంచిలో పెట్టించింది. అప్పటికి ప్రకటనలావిడ పలక మీద రాసి, తుడిచి, మళ్లీ రాసి మేడం ముందు పెట్టింది: ‘నా గొంతు ఇంకెక్కడా లేదు. స్టేషన్‌లో కూడా మార్చేశారు.’

మేడం ఆ పలకను తిరిగి ఆమె చేతికిచ్చి, “వెళ్దాం పదండి,” అని లేచింది.

*

సూదాయన దుకాణం తెరిచే ఉంది కానీ పని సాగడం లేదు. బల్లలు బయట పెట్టి, తోలు ముక్కల చెత్తను పిండి జల్లెడలో పోసి జల్లిస్తున్నాడు. అరవై దాటిన మనిషి. మేడాన్ని చూసి లేచాడు కానీ జల్లెడ వదల్లేదు.

నిన్న సాయంత్రం నుంచి మూడుసార్లు జల్లించానని చెప్పాడు. గోరంత కార్డట, ఎక్కడ ఇరుక్కుందో. తన దగ్గర పోయి ఉంటే తన చేతులు విరిగినా బాగుండేదన్నాడు. మేడం సంచి ఎలా కుడతారో చూపించమంది. ఆయన గూట్లోంచి ఒక చెక్కముక్క తీశాడు. కంప్యూటర్ కొలతలకు చెక్కిన అచ్చు.

“వస్తువు మీద పెట్టి ఎవరూ కుట్టరమ్మా. సూది జారితే గీత పడుతుంది. కొలతలు తీసుకుని, యంత్రాన్ని గూట్లో పెట్టేసి, ఈ చెక్క మీదే కుట్టాను. అయిపోయాక దాన్ని సంచిలోకి తోశాను, అంతే. దాని మూత ఎటు తెరుచుకుంటుందో కూడా నాకు తెలీదు.”

గుమాస్తా అచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నలభై ఏళ్ల నుంచి ఈ వీధిలో ఉన్నాను,” అన్నాడు సూదాయన. “నిన్న బేరానికొచ్చినవాళ్లు గొడవ చూసి, కొనబోయిన సంచి బల్ల మీదే వదిలేసి పోయారు. ఇద్దరు.”

దుకాణం దాటాక గుమాస్తా తనకు తోచింది చెప్పాడు. ముసలాయన నిజమే చెబుతున్నాడు, పొరపాటున ఎక్కడో రాలిపోయి ఉంటుంది. బ్యాటరీ కింద ఉన్నది రాలిపోదని మేడం అంది. గుమాస్తా నాలుక కరుచుకున్నాడు.

ఇంట్లో అన్నీ తలకిందులుగా ఉన్నాయి. పరుపులు నిలబెట్టి ఉన్నాయి, సొరుగులు నేల మీద ఉన్నాయి, చెత్తబుట్ట పేపర్ మీద బోర్లించి ఉంది. ప్రకటనలావిడ వచ్చీ రావడంతో, అంతకుముందే రెండుసార్లు వెతికిన బీరువాను మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టాడు. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేడం అడిగినవాటికి మర్యాదగానే జవాబిచ్చాడు. నిన్న డ్యూటీ ఆరింటి దాకా. ఇంటి తాళంచెవులు రెండే, ఒకటి మేనకోడలి దగ్గర, ఒకటి తన దగ్గర. పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటే, ముసలాయనను స్టేషన్‌కు ఈడ్చడం ఇష్టం లేక.

పైన అతని గది చూస్తామంటే చూపించాడు. బల్ల మీద చిన్న స్క్రూడ్రైవర్లు, స్టిక్కర్ల ముక్కలు, కార్డు పెట్టి కంప్యూటర్‌కు తగిలించే రీడర్, చింపిన కొత్త కార్డు కవరు ఉన్నాయి.

“కొత్త కార్డు కొన్నారా?”

“ఫోన్‌లోకి.”

మేడం తలూపి కిందికి దిగింది. వీధిలోకి వెళ్లి ఒక ఫోన్ చేసింది, రెండు నిమిషాలు. తిరిగొచ్చి, మూడింటికి అందరూ ఇక్కడ ఉండాలని, సూదాయనను తీసుకురావాలని గుమాస్తాకు చెప్పింది. అప్పటి నుంచి మూడింటి వరకు ఆ ఇంట్లో ఎవరూ ఒకచోట నిలవలేదు. కూతురు మూడుసార్లు టీ పెట్టింది. ఎవరూ తాగలేదు.

*

మూడింటికి ముందు గదిలో ఐదుగురు చేరారు. సూదాయన మాత్రం గుమ్మంలోనే నిలబడ్డాడు. కూతురు కుర్చీ వేసినా లోపలికి రాలేదు. మేడం యంత్రాన్ని బల్ల మీద పెట్టి, బయటికి తీసి, మూత తెరిచింది.

“ఇందాక దీన్ని చూసినప్పుడు పదీ ఐదు అయింది. లేచి పద్దెనిమిది గంటల నలభై నిమిషాలైందని ఇది చెప్పింది. గుమాస్తాగారూ, వెనక్కి లెక్కపెట్టండి.”

గుమాస్తా వేళ్ల మీద లెక్కపెట్టాడు. “నిన్న మధ్యాహ్నం మూడూ ఇరవై ఐదు.”

“మీరు దీన్నెప్పుడూ ఆర్పరు. అయినా నిన్న మూడూ ఇరవై ఐదుకు ఇది కొత్తగా లేచింది. అంటే దానికి కాస్త ముందు ఎవరో బ్యాటరీ తీశారు. కార్డు దగ్గరికి వెళ్లాలంటే బ్యాటరీ తీయాల్సిందే. ఆ సమయానికి ఇది సూదాయన దగ్గర లేదు. ఒంటిగంటకే ఇచ్చేశాడు. తాళం వేసిన ఈ ఇంట్లో ఉంది. అమ్మాయి, వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉన్నారు.”

సూదాయన గుమ్మాన్ని పట్టుకున్నాడు. ఎవరూ తమ్ముడి వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

మేడం గొంతు పెంచలేదు. లిఫ్టుల కంపెనీకి ఫోన్ చేశానని, నిన్న రెండున్నరకే ఆయన పని ముగించుకుని వెళ్లాడని చెప్పారని అంది. “అయినా నాకు అనుమానం వచ్చింది దానివల్ల కాదు. పరుపుల కింద, చెత్తలో, జల్లెడలో ఇంతమంది వెతికారు. కార్డు ఉండాల్సిన గాడిలోకి మాత్రం ఎవరూ తొంగి చూడలేదు. చూడబోతే మీరు ఆపారు. వదులుగా ఉందేమో, పక్కకు జరిగిందేమో అని ఎవరైనా ముందు అక్కడే చూస్తారు. అక్కడ లేదని మీకు ముందే తెలుసు.”

వెనక మూత తీసి బ్యాటరీ ఎత్తింది. గాడి ఖాళీగా ఉంది.

“ఇది దొంగతనమని నేను అనుకోవడం లేదు,” అంది. “దొంగ కార్డు తీసుకుని వెళ్లిపోతాడు. బ్యాటరీ మళ్లీ పెట్టి, యంత్రాన్ని లేపి, అది బాగానే ఉందో లేదో చూడడు. కొత్త కార్డు ఫోన్‌లోకి కాదు. నకలు తీయడానికి.”

తమ్ముడు చొక్కా జేబులోంచి కాగితం మడత తీసి బల్ల మీద పెట్టాడు. విప్పలేదు.

“సంచి వచ్చే రోజుకే నకలు కూడా ఇచ్చేద్దామనుకున్నానండీ. అందుకే తొందరగా వచ్చాను. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు చెప్పాలి దానికి. యంత్రంలోది ఒకటో నంబరు, బయట రీడర్‌లోది రెండు. ఎప్పుడూ అంతే. నిన్న రీడర్ తగిలించి ఉండగా లేపాను. నంబర్లు మారిపోయాయి. నేను చూసుకోలేదు.”

“ఖాళీ కార్డును గొంతున్న కార్డు మీదకు ఎక్కించారు.”

“మూడు నిమిషాలు. అప్పుడు తెలిసింది. దాన్ని ఆపడానికి వేరే దారి తోచక బ్యాటరీ లాగేశాను.” అక్క వైపు తిరగబోయి, బల్ల వైపే తిరిగాడు. “రెండు రోజుల్లో పోయిన మాటలు తిరిగి రాబట్టి, ఎక్కడో దొరికిందని తెచ్చిద్దామనుకున్నా. ఈలోగా అక్కావాళ్లు ఆస్పత్రి నుంచి వచ్చి కార్డు లేదని చూసేశారు. సూదాయన పేరు నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను.”

“నోట్లోంచి వచ్చింది నా పేరు కదయ్యా,” అన్నాడు సూదాయన. గుమ్మం వదిలి వీధిలోకి నడిచాడు. తమ్ముడు వెనకాలే వీధి దాకా పరుగెత్తాడు. అక్కడ, నిన్న అరిచిన చోటే, నలుగురూ వినేలా తప్పు తనదేనని చెప్పాడు. సూదాయన ఆగి విన్నాడు, తలూపి తన దారిన వెళ్లాడు.

గదిలో ప్రకటనలావిడ మొదటిసారి కూర్చుంది. కాగితం మడత విప్పి, గోరంత కార్డును అరచేతిలో పెట్టుకుంది. మూడు నిమిషాలకే ఆగింది కాబట్టి అంతా పోయి ఉండదని మేడం చెప్పింది. మిగిలింది తీయగల మనిషి తనకు తెలుసంది. బయటికొచ్చాక గుమాస్తా, ఆ అంకె నాకూ కనబడింది కదా మేడం, నాకెందుకు తట్టలేదు అని రెండు వీధుల దూరం అడుగుతూనే ఉన్నాడు.

శుక్రవారానికి ఏడు వందల ఆరు మాటలు తిరిగి వచ్చాయి. ముందు రికార్డు చేసినవి పోయాయి. వచ్చినవాటికి పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. ఏది ఏ మాటో వింటే గానీ తెలియదు. తల్లీకూతుళ్లు బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే నొక్కుతున్నారు. తన గొంతు మొదట వినబడినప్పుడు, ‘ఆ గిన్నె అక్కడ పెట్టకు’ అని, ఆమె లేచి గది చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి కూర్చుందట. ఈ సంగతి కూతురు మేడంకు ఫోన్‌లో చెప్పింది.

తమ్ముడు తప్పు ఒప్పుకున్న సాయంత్రమే అక్క ముందు కూర్చుని క్షమించమని అడిగాడు. ఆమె పలక అందుకుని, బలపం పట్టుకుని, మళ్లీ రెండూ పక్కన పెట్టేసింది. ఇది రాసి చెప్పే మాట కాదనుకుందో, ఏం చెప్పాలో తెలియలేదో కూతురికి అంతుపట్టలేదు. అతను రోజూ పైనుంచి దిగి వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నాడు. లోపల ఒక్కో మాట మోగుతుంటే వింటున్నాడు.

ఇప్పటికి నలభై ఆరు మాటలకు పేర్లు పెట్టారు. ఆరు వందల అరవై మిగిలాయి. తమ్ముడికి ఆమె ఇంకా జవాబు చెప్పలేదు.