కెర్మాన్ తివాచీలో ఆరు పేర్లు

"అప్పడిని చంపేశారు."

1957 ఆగస్టు 29, జార్జ్ టౌన్ రేవు. స్పెషల్ బ్రాంచ్ చీఫ్ ఫోటో ఒకటి బల్ల మీదికి తోశాడు. సుంగై సిపుట్ రబ్బరు తోటలో కమ్యూనిస్టు గెరిల్లాల జాడ చెప్పిన కూలీ. గొంతు కోసి, నోట్లో రబ్బరు పాలు పోశారు.

ఏజెంట్ కాంతయ్య ఫోటో బోర్లించాడు.

"మిగతా ఆరుగురు ఇన్‌ఫార్మర్ల పేర్లు ఈ సాయంత్రం సయాం ఓడ ఎక్కుతున్నాయి. సరిహద్దు అవతల గెరిల్లాలకు చేరితే ఆరు శవాలు. తివాచీల షాపు నుంచి వెళ్తున్నాయి, ఎలాగో తెలీదు. అక్కడ అమ్మకాల్లో మన రత్నావతి ఉంది, తోట కబుర్లు మోసేదే. కోడ్: ఎరుపు వెలిసిందా."

మూడు గంటలకు కాంతయ్య తెల్ల సూటు, బంగారు పన్నుతో ఇపో తగరపు గని యజమానిలా షాపులో దిగాడు.

"ఎరుపు వెలిసిందా?"

"మంజిష్ఠ ఎరుపు, వెలవదు." జార్జెట్ చీరలో రత్నావతి నవ్వింది. గొంతు తగ్గించి, ఆ ఊరి అలవాటుగా చివర 'లా' తగిలిస్తూ, "సరుకంతా సూసినాను. ఏటీ నేదు లా."

గుమ్మంలో లారీ సిద్ధంగా ఉంది. కూలీలు చివరి తివాచీ ఎత్తబోయారు.

"అది విప్పండి." అంచులో కొత్త రఫూ కాంతయ్య కంటపడింది.

"అమ్ముడైపోనాది!" ఆమె గొంతు మారింది.

కాంతయ్య అంచు తిరగేసి, పెన్ను క్యాప్‌లో దాచిన లెన్స్ కంటికి పెట్టుకున్నాడు. ఎవరో కెర్మాన్ నేతగాళ్లు మగ్గం ముందు ఏళ్ల తరబడి కూర్చుని, ముడి ముడీ వేసి పూయించిన తోట అది. పర్షియన్ ముడికి వెనక ఒకే బుడిపె. అంచులో రఫూ చేసినచోట మాత్రం మధ్య మధ్య జంట బుడిపెలు. టర్కీ ముళ్లు! ఒకటి డాట్, రెండు డాష్. మోర్స్ కోడ్.

మొదటి పేరు ఎర్రమ్మ. అప్పడి తల్లి.

ఆమె కూడా ఇన్‌ఫార్మరని తెలిసినవాళ్లు ముగ్గురే. చీఫ్, తను, తోట నుంచి కబుర్లు మోసే రత్నావతి.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసింది. "పేర్లే కదా ఇచ్చినాను? నానెవుల్నీ సంపనేదు!"

"ఆ ముక్క ఎర్రమ్మకి సెప్పు. కొడుకు నోరు కడిగింది ఆ యమ్మే."

ఓడ కూత వేసింది. లారీ ఇంజన్ స్టార్టయింది. కాంతయ్య రఫూ బల్ల మీద పోగులు అదిమే ఇనప దువ్వెన అందుకుని ఆమె మణికట్టుకేసి విసిరాడు. పిస్తోలు పేలి గుండు గోడలో దిగింది. అది కిందపడింది. మరుక్షణం అతని కత్తి ఆ అంచును కోసేసింది.

బేడీలు వేసేటప్పుడు ఆమె సెంటు వాసన అతని చేతులకు అంటింది. రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు.

"ఎల్లుండి మెర్డెకా, స్వాతంత్ర్య రిసెప్షన్‌లో పరుద్దామనుకున్నాను," తివాచీ చూసి చీఫ్ నొచ్చుకున్నాడు. "ఇంత కంత పెట్టావేం?"

"దాని మీద కుర్చీ వేసుకు కూర్చోండి సార్. మన ఆఫీసులో ఉన్న కంత మీద ఇన్నాళ్లూ చేసిందదేగా."