పూడ్చని గుంత

తెల్లవారినప్పటి నుంచి జంగయ్య కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. వంటింట్లో భార్య బాలనాగమ్మ, పుట్టింటికొచ్చే ఆడపడుచు ఒడిలో పోసే ఒడిబియ్యానికి పసుపు కలుపుతోంది. ఆడబిడ్డ భీమమ్మకు ఒడి నింపి ఏళ్లయింది. ఎంతో బతిమాలితే ఈరోజు వస్తానంది.

"జర ఒక్కకాడ కూసోరాదయ్యా! నువ్వు గట్ల తిరుగుతుంటే నాకే పరేషానయితుంది," అంది బాలనాగమ్మ.

కూర్చోవడానికి మనసు నిలిస్తే కదా! పెళ్లప్పుడు తండ్రి పసుపుకుంకుమ కింద భీమమ్మకు ఇచ్చిన చేనులో మంచి రాయి పడింది. జంగయ్య కంపెనీ పెట్టి ఆ రాయి తవ్వుకున్నాడు. రాయి అయిపోయాక గుంత పూడ్చి, పైమన్ను మళ్లీ పరిచి, చేను చేసిస్తానని చెల్లెలికి మాటిచ్చాడు. కంపెనీ పేరు మీద రాసుకున్న లీజు కాగితంలోనూ ఆ షరతు ఉంది. రాయి అయిపోయింది. ఏళ్ల తరబడి లెక్కలు దాఖలు చేయకపోయేసరికి కంపెనీ పేరును సర్కారు కంపెనీల రిజిస్టరులోంచి కొట్టేశారు. ఆ నోటీసు వచ్చిన రోజు జంగయ్య పైకి ఏడుపుమొహం పెట్టాడు గానీ లోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటినుంచి చెల్లెలు ఎప్పుడడిగినా ఒకటే జవాబు, "కంపెనీయే సచ్చింది, ఎవల్ని అడుగుతవ్ భీమమ్మా?" అని. సొంత చేనున్న మనిషి పరాయి పత్తిచేలల్లో కూలికి పోతోంది.

ఇప్పుడు కొడుకు భాస్కర్‌కు అదే కంపెనీ కావలసి వచ్చింది. పాత కంపెనీ అయితేనే రాయి పని ఇస్తానని ఒక కాంట్రాక్టరు అన్నాడట. పేరు తిరిగి ఎక్కించమని కంపెనీల ట్రిబ్యునల్‌కు పెట్టే దరఖాస్తును కూతురు వర్ష రాసి తెచ్చింది. ఆమె నాగర్‌కర్నూల్‌లో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తోంది.

"నాయినా, జల్ది సంతకం పెట్టు. అత్త రాకముందే అయిపోవాలె," అన్నాడు భాస్కర్.

"ఎందుకన్నా గంత తొందర?" అంది వర్ష. "పేరు తిరిగొస్తే అసలు కొట్టేయనట్టే లెక్క. కంపెనీ ఒక్కటే లేవదు. దాని బాకీలు, షరతులు అన్నీ లేస్తయి. అత్త చేన్ల గుంత గూడ."

"గది మనం జెప్తెనే గదా అత్తకు తెలిసేది!"

"ఏంది నాకు తెలిసేది?"

గుమ్మంలో భీమమ్మ. అన్నాచెల్లెళ్ల మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి. జంగయ్య కుక్కిన పేనయ్యాడు. బాలనాగమ్మ గబగబా పీట వాల్చింది. "రా భీమమ్మా, కూసో. ముందుగాల ఒడిబియ్యం పోసుకుందాం."

"నా చేన్ల గుంత నింపనోడు నా ఒడేం నింపుతడొదినె?" అంది భీమమ్మ. "కంపెనీ సచ్చిందంటివి గదన్నా. నీ కొడుకు లాభానికైతే బతుకుతది, నా చేనుకైతే సస్తదా?"

"అత్తా, ఈ కోర్టు పనులు నీకు తెల్వయి..." అంటూ భాస్కర్ అడ్డొచ్చాడు.

"నాకు తెలుసు గదా!" అంది వర్ష. "గుంత సంగతి దాస్తె ఈ కాగితం నేనియ్య. వేరేటోళ్లతోని రాయించుకో."

"నువ్వు ఈ ఇంటి పిల్లవేనా?" అని కసిరాడు భాస్కర్.

"ఆపుండ్రి!" జంగయ్య అరిచాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు. "కంపెనీ పోయిననాడు నేను సంబురపడ్డ చెల్లే. మాట తప్పినట్టు గాదు, మాటే పోయిందనుకున్న. కాగితం మీద ఎవల పేరుంటేంది? నీకు మాటిచ్చిన నోరు నాది. నేనింకా సావలే గదా."

జంగయ్య దరఖాస్తును కూతురి చేతికి తిరిగిచ్చాడు. "గుంత పూడ్చినంకనే కొత్త పని అని రాయి బిడ్డా. భాస్కర్, జీపు తియ్యి."

క్వారీ పక్కన పైమన్ను కుప్ప మీద సర్కారు తుమ్మ ఏపుగా పెరిగింది. ముళ్లు తప్పించుకుంటూ భీమమ్మ కుప్ప ఎక్కింది. గుప్పెడు మన్ను తీసి నలిపి చూసింది. తండ్రి దున్నిన మన్ను అది.

"మన్ను సావలే అన్నా," అంది.

జంగయ్య అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె మట్టిచేత్తోనే అన్న కళ్లు తుడిచింది.

భాస్కర్ గుంత అంచున నిలబడి ఆ ఇద్దరినీ చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను తీశాడు.

"మాసన్నా, నీ జేసీబీ యాడున్నది? రేపు గాదే, ఇప్పుడే తోల్కరా."