స్పేస్ దగ్గర తెగిన పేరు

"ఏటండీ, టెస్టులన్నీ పాసైతే మీ మొహమేటి అలాగుంది?" అని ప్రోగ్రామర్ ఉదయ్‌కుమార్ నవ్వుతూ అడిగాడు.

హిమబిందు నవ్వలేదు. మధురవాడలోని ఆ ఆఫీసులో ఆమె పన్నెండు రోజుల కిందట చేరిన కొత్త టెస్టర్. సరుకు యార్డుల్లో క్రేన్లను నడిపే ప్రోగ్రాంను మూడింటికి క్లయింటుకు చూపించాలి. టెస్ట్ రిపోర్టు మీద సంతకం ఆమెదే.

"టెస్టు కమాండ్ లైన్‌ని, అదే క్రేన్‌కిచ్చే ఆదేశాన్ని, ముక్కలు సేసే కోడ్ మీదే కదండీ?"

"నాదే. ఏటైంది?"

"కొటేషన్ మార్కుల మధ్యనున్న పేరు ఒకే ముక్కగా ఉండాల. మీ కోడ్ మాటల మధ్య స్పేస్ కనపడితే సాలు, కోసేత్తంది. 'ఈస్ట్ యార్డ్' అని ఇత్తే ప్రోగ్రాంకి 'ఈస్ట్' ఒక్కటే ఎల్తంది."

"మరి పాసెలాగైంది?"

"క్రేన్ కదిలిందా లేదా అనే సూత్తన్నాం. ఎక్కడికెల్లిందో సూడలేదు."

అతని నవ్వు ఆగిపోయింది. గబగబా కోడ్ సరిచేసి, క్రేన్ చేరిన చోటు కూడా చూసేలా మార్చి, టెస్టులు మళ్ళీ నడిపాడు. ఏడు ఫెయిలయ్యాయి. రెండు మాటల పేరు పూర్తిగా అందినా, ఆ యార్డుకు పంపిన లోడును ప్రోగ్రాం పక్క యార్డుకు తీసుకెళ్తోంది.

"అక్కడ మనుషులు పనిసేత్తుంతారండీ," అంది హిమబిందు.

అప్పటికి రెండున్నర. ఏడు ఫెయిలైన సంగతి తెలిసి మేనేజర్ త్రినాథరావు రిపోర్టు పట్టుకుని వచ్చాడు. "అన్నీ పాసని సంతకం పెట్టిందెవులు?"

"నానే సార్," అంది హిమబిందు. తప్పంతా తన మీదికే వస్తుందనుకుంది.

ఉదయ్ లేచి నిలబడ్డాడు. "తప్పు నాది సార్. నా కోడ్ వల్లే అబద్ధంగా పాసయ్యాయి. ఆవిడ పట్టుకోబట్టి బతికిపోయాం. డెమో ఆపీండి."

త్రినాథరావు రిపోర్టు బల్ల మీద పెట్టాడు. ఫోన్ తీసి, "వారం టైం అడుగుతాను," అంటూ వెళ్ళిపోయాడు.

బయట వాన మొదలైంది. టీ బడ్డీ రేకు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు.

"నా మీదికి తోసేత్తారనుకున్నాను," అంది హిమబిందు.

"అంత భయపడతా మరెందుకు సెప్పారు?"

"సెప్పకపోతే నిద్రట్టదు. ఇంకోటి కూడా ఉంది." ఆమె గ్లాసులోకే చూస్తోంది. "మీతో మాటాడ్డానికి పన్నెండు రోజుల్నుంచి సాకు ఎతుకుతన్నాను. ఇలాంటిది దొరుకుద్దనుకోలేదు."

ఉదయ్ చేతిలో టీ ఒలికింది. వేళ్ళు కాలినా గ్లాసు వదల్లేదు.

"నాను పదకొండు రోజుల్నుంచి ఎతుకుతన్నానండీ," అన్నాడు. "మొదటిరోజు మాత్రం మిమ్మల్ని సూసి భయమేసింది."