నాలుగో చప్పుడు

పాత రివాల్వర్‌ని బాగుచెయ్యడమంటే తుప్పు గీకి నూనె రాయడమే అనుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది. వాళ్లెవరూ నా గుమ్మం తొక్కనక్కర్లేదు. రాగి గనులు మూతపడ్డాక ఇక్కడ మిగిలినవి రెండే. మంచు, నేను.

నా పనిగది వంటింటి వెనకే. కిటికీ కింద బల్ల, బల్ల మీద దీపం, మూలన కట్టెల పొయ్యి. గోడకి స్క్రూడ్రైవర్లు వరసగా వేలాడుతుంటాయి. ఏ స్క్రూ గాడికి ఏది సరిపోతుందో చూసుకుని ఒక్కోదాన్నీ నేనే అరగదీసుకున్నాను. మా ఆవిడ ఐలి పోయాక ఆ గదిలో నా చేతుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాకది అలవాటే.

డిసెంబరు మొదట్లో హెల్మి వచ్చింది. తైస్తో పెళ్లాం. అప్పటికి తైస్తో పోయి కొన్ని వారాలైంది. బూట్ల మంచు బయటే దులుపుకుని, ఒక రొట్టెల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే యాలకుల రొట్టె వాసన. రొట్టె లేదు. ఉన్ని మేజోడులో చుట్టిన తైస్తో రివాల్వర్ ఉంది.

"దీన్ని నా ఇంటికి తేవడానికి ఎంత ధైర్యం నీకు?" అన్నాను.

"ధైర్యమా పాడా! గతిలేక వచ్చాను. ఇంత పని తెలిసినోడు ఇంకొకడుంటే నీ మొహం ఎవరు చూస్తారు?"

"ఆ మాట మీ ఆయన ఒక్కసారి అని చచ్చుంటే బాగుండేది."

"అనేవాడు. నీకు వినపడేలా అనేవాడు కాదు." కుర్చీ లాక్కుని కూచుంది. "ఆయన మీద కోపం ఉంటే ఉంచుకో వైక్కో. ఇనుము మీద ఎందుకు?"

నేను మేజోడు విప్పాను.

తైస్తో, నేనూ ఒకే షిఫ్టులో గని దిగినవాళ్లం. శనివారాలు మా పెరట్లో ఆవిరి గదిలో ఒకే బల్ల మీద కూచుని చెమటలు కక్కినవాళ్లం. గని కాపలాకి మా నాన్న మోసిన రివాల్వర్ ఒకటి నా దగ్గరుంది. తైస్తో దాన్ని ఒక్కరోజు కావాలని పట్టుకెళ్లాడు. తిరిగిచ్చేసరికి తూటాలు నింపే గుండ్రటి సిలిండర్ చుట్టూ ఒక గీత. ఇనుము మీది నీలం పూత లేచిపోయి తెల్లగా, ఉంగరంలా.

ఆ గీత ఎందుకు పడుతుందో చెప్తాను. ఈ రకం తుపాకీలో వెనకనున్న చిన్న సుత్తిని బొటనవేలితో లాగుతుంటే నాలుగు చప్పుళ్లొస్తాయి. రెండోది సగం మెట్టు. అక్కడ ఆపితే సిలిండర్ వదులుగా తిరుగుతుంది. తూటాలు పెట్టడం, తీయడం అంతా అక్కడే. నాలుగోది నిండు మెట్టు. ఇక ట్రిగ్గర్ మీద వేలు పడితే చాలు. సగం మెట్టు నుంచి సుత్తిని తిన్నగా దించకూడదు. దించితే లోపలున్న కొక్కెం తప్పుడు చోట పైకి లేస్తుంది. ఆ తర్వాత సిలిండర్ తిరిగితే గీరేస్తుంది. పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో ఆపుకుని, అప్పుడు నెమ్మదిగా దించాలి. ఇదీ ఒక విద్యేనా? తైస్తోకి అదే రాలేదు. నేను తిడితే నవ్వాడు.

"గీతేగా, వైక్కో" అన్నాడు.

ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. కొట్లో ఎదురుపడినా, తుపాకీ పోటీలు జరిగే రేంజ్‌లో పక్కపక్కన నిలబడి కాల్చినా మాట లేదు. మా నాన్న తుపాకీ మీద గీత తుడిచెయ్యడం నాకు చిటికెలో పని. తుడవలేదు. సొరుగులో పెట్టి తాళం వేశాను. కోపం ఎప్పుడైనా చల్లారినట్టనిపిస్తే తీసి చూసుకునేవాణ్ణి.

అక్టోబరులో తైస్తో రేంజ్‌కి ఒక్కడే వెళ్లాడు. గని రాళ్ల దిబ్బకి ఆనుకుని ఉంటుంది మా రేంజ్. కాల్చి, పేలిన తూటాల తొడుగులు తీస్తూ తీస్తూ బల్ల దగ్గరే గుండె ఆగి పోయాడు. రేంజ్ చూసుకునే నాన్‌కర్విస్ మర్నాడు వెళ్లేసరికి టోపీ మీద తొలిమంచు, ఒళ్లో రివాల్వర్. సుత్తి సగం మెట్టులో ఉంది. రాత్రంతా తడిసి ఇనుమంతా ఎర్రగా తుప్పు.

"పోటీ రోజుకి కావాలి" అంది హెల్మి. "నేనే కాలుస్తాను. ఆఖరి చప్పుడు సరిగ్గా పడాలి. అది వినకపోతే ఆయన పోయినట్టే ఉండదు నాకు."

అది మా రేంజ్ ఆనవాయితీ. ఈ తుపాకీల్లో అరలు ఆరున్నా ఐదే నింపుతాం. సుత్తి ఆనే అర ఖాళీగా ఉంచుతాం, చెయ్యి జారి కింద పడ్డా పేలకుండా. మాలో ఎవరైనా పోతే, తర్వాత వచ్చే పోటీలో ఆ తుపాకీతో వాళ్ల మనిషి ఐదూ పేలుస్తారు. అప్పుడందరూ టోపీలు తీసి, చెవుల మీద మూతలు తీసి నిలబడతారు. ఆరోసారి సుత్తి ఖాళీ అర మీద పడుతుంది. టక్. ఆ చప్పుడు పోయినవాడిది. అది విన్నాక ఇంక వాడి గురించి ఏడవం.

"పడుతుంది" అన్నాను. "నా బల్ల మీద నుంచి లేచిన తుపాకీ ఏదైనా సరిగ్గా పడింది."

"పొగరు మాత్రం తుప్పు పట్టలేదు" అని లేచిపోయింది.

పని మొదలెట్టాను. విప్పి, కడిగి, గుంటలు పడ్డచోట సానరాయితో నున్నచేసి, స్ప్రింగు మార్చి, కొక్కెం అంచు సరిచేశాను. నీలం ఎక్కించడానికి కావాలనే పల్చగా తుప్పు పట్టించి, నీళ్లలో మరిగించి, బ్రష్షుతో తోమి, మళ్లీ తుప్పు, మళ్లీ నీళ్లు. చివరికి సిలిండర్ మీద నా మొహం నాకు కనిపించింది. గీత అన్న మాటే లేదు. గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వచ్చి కాఫీ కాచుకున్నాను. సాయంత్రం నాలుగు దాటితే మాకు చీకటే. కిటికీ నిండా మంచు కురుస్తోంది. పంచదార ముక్క పళ్ల మధ్య పెట్టుకుని గుక్క తాగబోతున్నాను.

టిక్. టిక్.

పనిగదిలోంచి.

తర్వాత సిలిండర్ తిరిగిన చప్పుడు... కిర్రు కిర్రుమని, ఒక్కో అరా ఆగి ఆగి. తర్వాత చెక్క మీద ఇత్తడి తొడుగు పడి దొర్లినట్టు. చివర సుత్తి దించిన మెత్తటి చప్పుడు.

సగం మెట్టు నుంచి.

భయం కంటే ముందు నాకు ఒళ్లు మండింది. దీపం పట్టుకుని వెళ్లాను. గది ఖాళీ. తుపాకీ గుడ్డలోనే ఉంది. నేల మీద తొడుగులేం లేవు. తడి ఉన్ని వాసన, దాని కింద కాలిన గంధకం వాసన. గుడ్డ విప్పాను. నా నీలం మీద, చుట్టూరా... గీత.

ఇంకొకడైతే తన పనిలోనే లోపం ఉందనుకుంటాడు. నేననుకోలేదు. అయినా మొత్తం విప్పి చూశాను. కొక్కెం సరిగ్గానే ఉంది. గీత తీసి మళ్లీ నీలం ఎక్కించి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. చీకటి పడింది. చప్పుడు బీరువాలోంచి వచ్చింది. తెల్లారి తీస్తే గీత.

పోటీ దగ్గరపడుతోంది. ఈసారి సిలిండర్ ఊడదీసి నా దిండు కింద పెట్టుకున్నాను. మిగతాది బీరువాలో. సిలిండర్ లేని తుపాకీలో తిరగడానికి ఏముంది?

తిరిగింది. దిండు కింద, నా చెవి కింద. కిర్రు... కిర్రు... లేచి చూస్తే గీత.

అప్పుడు భయమేసింది. ఒప్పుకుంటాను. చెప్పుకోవడానికి మనిషి లేడు. హెల్మికి ఏమని చెప్తాను? నీ మొగుడు చచ్చాక కూడా తప్పే చేస్తున్నాడనా?

మళ్లీ గీత తీసి, నీలం ఎక్కించి, సిలిండర్ దిండు కిందే ఉంచాను. ఆ శనివారం ఆవిరి గదిలో ఒక్కణ్ణే కూచుని, ఒంటికి తువ్వాలు చుట్టుకుని, మంచులోంచి ఇంట్లోకి వస్తున్నాను. పనిగది కిటికీ చీకటిగా ఉంది. గుమ్మంలో కాలు పెట్టానో లేదో...

టిక్. టిక్.

దీపం వెలిగించలేదు. వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. పొయ్యిలో నిప్పులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నా స్టూలు బల్లకి దగ్గరగా జరిపి ఉంది. నేనలా జరపను. దాని కింద నేల మీద మంచు కరిగి నీళ్లు... చుక్క చుక్క పడుతున్నాయి. పైన ఎవరూ లేరు.

కిర్రు... కిర్రు...

"తైస్తో" అన్నాను.

ఆగింది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పేరు నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుంది. అప్పుడు... చెవి పక్కన, చల్లగా, గాలి కంటే కొంచెం గట్టిగా...

"గీతేగా... వైక్కో..."

పారిపోవాల్సింది. ఏ బుద్ధిమంతుడైనా పారిపోతాడు. కానీ ఆ మాట! చచ్చి కూడా అదే మాట!

"గీతే కాదురా, దరిద్రుడా!" అన్నాను. గుసగుసలాగే వచ్చింది. "అక్కణ్ణించి దించకు. ఎన్నిసార్లు చెప్పాలి? పూర్తిగా వెనక్కి లాగు. లాగి, వేలితో ఆపుకో. అప్పుడు నెమ్మదిగా దించు."

స్టూలు కిర్రుమంది, ఎవరో సర్దుకుని కూచున్నట్టు.

టిక్.

టిక్.

...టిక్.

మూడోది నేను ఎప్పుడూ వినలేదు అతని దగ్గర.

...టిక్.

నాలుగు. శుభ్రంగా, నేను లాగినట్టే. నాకు తెలియకుండానే తలూపాను. ఇక దించాలి. ఎదురుచూశాను. నిప్పుల మీద బూడిద పేరుకుంది. ఒంటి మీద చెమట గడ్డకట్టింది.

దించలేదు.

తెల్లారేదాకా అలాగే నిలబడ్డాను. వెలుతురు వచ్చాక బీరువా తెరిచాను, దిండు కింద చూశాను. సిలిండర్ నున్నగా ఉంది. గీత లేదు. సుత్తి కిందికే ఉంది. తుపాకీ బిగించి, నూనె తుడిచి, హెల్మి ఇంటికి నేనే మోసుకెళ్లి ఇచ్చాను. ఆ రాత్రి ఇంట్లో ఏ చప్పుడూ లేదు. మంచి నిద్ర పట్టాల్సింది. పట్టలేదు. వింటూ పడుకున్నాను. పొద్దున కాఫీకి రెండు కప్పులు తీసిపెట్టాను. ఎందుకు తీశానో నాకే తెలియదు.

పోటీ రోజు గాలి లేదు. మంచు కూడా ఆగింది. రాళ్ల దిబ్బ నల్లగా, దాని ముందు తెల్లటి నేల. పాతికమంది వరకూ వచ్చారు. హెల్మి తైస్తో కోటే వేసుకుంది. దాని చేతులు మడుచుకున్నా పొడుగే.

"చెయ్యి వణికితే నవ్వకు" అంది నాతో.

"నవ్వను. నువ్వు సుత్తి మాత్రం..."

"తెలుసయ్యా! ముప్పొద్దులా మా ఇంట్లో ఇదే గొడవ. ఆయన అద్దం ముందు కూచుని నేర్చుకునేవాడు. రాలేదు, అంతే."

నాకది ఎవరూ చెప్పలేదు.

ఐదూ పేల్చింది. పొగ పైకి లేవకుండా అక్కడే నిలబడింది. నాన్‌కర్విస్ చెయ్యెత్తాడు. అందరూ టోపీలు తీశారు, చెవుల మూతలు తీశారు. హెల్మి సుత్తి లాగింది. నాలుగు చప్పుళ్లూ విన్నాను. ట్రిగ్గర్ నొక్కింది. సుత్తి పడింది. నా కళ్లతో చూశాను, పూర్తిగా కిందికి పడింది.

చప్పుడు రాలేదు.

మెత్తగా కాదు. అసలు లేదు. మంచు మీద మంచు పడినట్టు. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. హెల్మి నా వైపు తిరిగింది.

"నువ్వు విన్నావా?"

అప్పటిదాకా జీవితంలో నా పని గురించి నేను అబద్ధం చెప్పలేదు. "విన్నాను" అన్నాను. ఆమె నా కళ్లలోకి చూసింది. నమ్మలేదు. ఎవరూ ఇళ్లకి కదల్లేదు చాలాసేపు.

నేనే ముందు కదిలాను. ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా పనిగదిలోకి వెళ్లాను. తడి ఉన్ని వాసన. స్టూలు బల్లకి దగ్గరగా ఉంది. సొరుగు తాళం చెవి నా మెడలోనే ఉంది. తాళం వేసే ఉంది. తీసి సొరుగు లాగాను.

మా నాన్న రివాల్వర్ మీద గీత లేదు.

వేలితో చుట్టూ తడిమాను. నున్నగా, లోతైన నీలం. అంత చక్కటి పని నా చేతులు కూడా ఎప్పుడూ చెయ్యలేదు. ఇన్నేళ్లు దాచుకున్నది పోయింది. సొరుగులో కోపం కూడా మిగల్లేదు.

సుత్తి పూర్తిగా వెనక్కి లాగి ఉంది.

నేను ఏ తుపాకీనీ అలా పెట్టను. తూటాలతో కూడా పెట్టను. కానీ ఇవాళ సుత్తి ముందున్న అరలో ఏముందో నాకు తెలియదు. చూడాలంటే సుత్తి దించాలి. లేదంటే గొట్టంలో కన్ను పెట్టి చూడాలి. అలా చూసే వెర్రివాణ్ణి కాదు.

దించుదామని బొటనవేలు ఆనించాను. గదిలో పొయ్యి వెలగలేదు, నా ఊపిరి పొగలా కనిపిస్తోంది. ఇనుము చల్లగా ఉండాలి.

వెచ్చగా ఉంది. తడిగా ఉంది. అప్పటికే ఇంకో బొటనవేలు ఆనించి ఉన్నట్టు, నా వేలు పట్టడానికి అక్కడ చోటు లేదు.

చెయ్యి తీసేశాను. సొరుగు తెరిచే ఉంచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నాను. నెమ్మదిగా దించమని నేనే కదా చెప్పాను...

ఇంకా దించలేదు.