ఇరవై ఎనిమిది కిలోల పిడికిలి

"మీ నాయనకు ఒళ్ళు రాలేదు సార్. కండ తగ్గింది," అంది ఫిజియో దేవిప్రియ.

వినోత్‌కు ఒళ్ళు మండింది. "ఆ కడుపు చూడండి మేడం! నెలలో నాలుగు కిలోలు పెరిగినాడు!"

"అది నీళ్ళు. లివర్ పాడైతే కడుపు పెరుగుతుంది, లోపల కండ కరుగుతుంది. బరువు చూసి మోసపోతాము. అందుకే ఈ టెస్ట్." పిడికిలి బలం కొలిచే మెషిన్ చూపించింది. "ఇరవై ఎనిమిది కిలోలన్నా రావాలి. అయ్యకు ఇరవై ఒకటే."

రాజపాళయంలో నూలు కొట్టు నడిపే కుమారసామిగారికి ఇంతకంటే అవమానం లేదు. "మెషిన్ రిపేరు!"

"సరి, మీ అబ్బాయిని పట్టమనండి."

వినోత్ గట్టిగానే పట్టబోయాడు. సరిగ్గా అప్పుడే ఆమె నవ్వింది, వాడి పట్టు సడలింది. పదిహేడు.

"అయ్యయ్యో, నాకంటే వీడికే రోగం ఎక్కువ!" కుమారసామిగారు పగలబడి నవ్వారు.

ఇక నెలనెలా టెస్టు. వినోత్ ఆ తేదీ కోసమే బతికాడు. చిక్కల్లా ఒకటే. ఆమె చెప్పినట్టు చేస్తే నాయన బాగవుతాడు. నాయన బాగైతే క్లినిక్‌తో పని ఉండదు, దేవిప్రియా ఉండదు. అయినా ఆ పిచ్చివాడు పొద్దున గుడ్లు, సాయంత్రం సుండల్ గుగ్గిళ్ళు, పడుకునేముందు ఇంత తిండి, ఒక్కరోజూ తప్పించలేదు. కొట్లోనే నాయనను కుర్చీలోంచి పదిసార్లు లేపి కూర్చోబెట్టేవాడు.

"బేరానికి వచ్చినారురా!" అని నాయన తిట్టినా వదల్లేదు.

ఐదో నెల. బయట వాన దంచుతోంది.

"ఇరవై తొమ్మిది!" దేవిప్రియ చప్పట్లు కొట్టింది. "ఇక ఆరు నెలలకు వస్తే చాలు అయ్యా."

వినోత్ ముఖం వాడిపోయింది.

"నేను బాగైనాను, వీడు ఏడ్చేట్టుండాడు. ఏలనో అడుగమ్మా," అన్నారు కుమారసామిగారు.

"నాయనా!"

"నాకు తెలుసయ్యా." దేవిప్రియ వినోత్ వైపు తిరిగింది. "కొన్నాళ్ళు సుండల్ ఎగ్గొట్టి ఉంటే ఇంకా రెండు నెలలు వచ్చేవారు కదా? ఏల చేయలేదు?"

"మీరంటే శానా ఇష్టం మేడం," అన్నాడు తల వంచుకుని. "అయినా... నాయన కదా."

దేవిప్రియ కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

"ఆరు నెలలు నాయనకే. మీరు రేపే రావచ్చు. ఒంటిగా రండి."

వినోత్‌కు తల పైకి లేచింది. కుమారసామిగారే జవాబిచ్చారు.

"వస్తాడమ్మా. కొట్టు నేనొక్కడినే చూసుకుంటాను."