రివర్ట్‌ని రివర్ట్ చెయ్!

ఉదయం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు, పట్టపగలు, బస్‌స్టాపులో నిలబడ్డ గూఢచారి డిపార్ట్‌మెంట్ కొరియర్ మెడలో ఎవరో గొడుగు మొన గుచ్చారు. మనిషి బెంచీ మీదకు ఒరిగాడు. మళ్ళీ లేవలేదు. చేతిసంచీలోని రేడియో మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

ఇరవై నిమిషాల్లో ఏజెంట్ ముల్లుకు పిలుపు వచ్చింది. ఎక్కడ దిగినా అక్కడివాళ్ళకు సలుపు తప్పదని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. కారు వెనక సీట్లో చీఫ్ మొహం కందగడ్డలా ఉంది.

"నల్లజేబు ముఠా మన పాత సైఫర్‌ని, అదే రహస్య లిపిని, పగలగొట్టింది. రేడియో ఆన్ చేస్తే చాలు, మనవాళ్ళు ఎక్కడున్నారో వాళ్ళకి తెలిసిపోతోంది. అందుకే అసలు కోడ్‌కి విడి ప్రతి తీసి, ఆ 'పిచ్చుక' బ్రాంచ్‌లో కొత్త సైఫర్ రాయించాం."

"సోమవారమే దాన్ని అసలు కోడ్‌లో, మెయిన్‌లో, కలిపారుగా?"

"రేడియోలు బిగుసుకుపోతున్నాయని మంగళవారం రివర్ట్ చేసి వెనక్కి తీసేశారు. లోపం సరిచేసి ఇవాళ పొద్దున మళ్ళీ కలిపారు. కొరియర్ ఆ కోడే దించుకున్నాడు. అయినా చచ్చాడు."

"తర్వాత ఎవరు?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "మీ చెల్లెలు. సరిగ్గా ఒంటిగంటకి రేడియో ఆన్ చేస్తుంది. ఆన్ కాగానే అది కోడ్ రూమ్ నుంచి తాజా కోడ్ దించుకుని, తనెక్కడుందో పంపుతుంది. ఈలోపు తనని అందుకునే దారి లేదు."

"సర్వర్ ఆపేయండి."

"ఆపితే రేడియోలో ఉన్న పాత సైఫర్‌తోనే పంపుతుంది. కోడ్ రూమ్‌లో ఎవరో ద్రోహి ఉన్నారు. నువ్వెవరో తెలియనివ్వకు."

ముల్లు గడియారం చూసుకున్నాడు. వద్దని అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా చెల్లెల్ని ఈ ఉద్యోగంలో చేర్చింది తనే. ఇప్పుడు ఎవరి మీదైనా విరుచుకుపడాలని ఉంది, కానీ ఎవరి మీదో తెలియడం లేదు.

పన్నెండుంబావుకి ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన పనిముట్ల సంచీ, చేతిలో కాయిల్ కడిగే నురగ డబ్బాతో మెట్లెక్కాడు. తలుపు దగ్గర గార్డు అడ్డం నిలబడ్డాడు.

"ఫిల్టర్ కడుగుతావా, మారుస్తావా?"

"ముందు దుమ్మెక్కడిదో చూస్తా." కోడ్‌వర్డ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది.

కోడ్ రూమ్ ముఖ్యురాలిని అందరూ కెంపు అంటారు. నల్లజేబు ముఠాలో మనిషిగా నటిస్తూ వాళ్ళ కబుర్లు డిపార్ట్‌మెంట్‌కు మోసే డబుల్ ఏజెంట్. ఒకసారి చూసినవాడు రెండోసారి చూడకుండా ఉండలేడు. ముల్లు కూడా చూశాడు, వెంటనే తనను తానే తిట్టుకున్నాడు.

"ఏసీ బాగానే ఉందే, మెకానిక్ గారూ," అందామె నవ్వుతూ. "బూట్లే డిపార్ట్‌మెంట్‌వి. మీరు ముల్లు కదూ? ద్రోహి కోసమేనా? స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేశాను. బ్రాంచ్ రాసినవాడే."

"మళ్ళీ కలిపింది ఎవరు?"

"నేనే. తొమ్మిదింటికి. లాగ్ చూసుకోండి." మార్పులన్నీ నమోదయ్యే ఆ లాగ్‌లో మెర్జ్, అంటే కలిపిన గుర్తు, నిక్షేపంగా ఉంది.

ముల్లు స్టోర్‌రూమ్ తెరిచి, లోపలున్న ప్రోగ్రామర్‌ను కాలర్ పట్టి లేపాడు. సీసా అడుగుల్లాంటి మందపాటి కళ్ళద్దాల వల్ల అతని పేరు సోడాబుడ్డి.

"ఏం రాసి చచ్చావు? నిజం చెప్పు, పీక నులిమేస్తా!"

"సరిగ్గానే రాశాను సార్! కాలర్ వదిలితే చూపిస్తాను!"

మెయిన్‌లో సైఫర్ ఫైల్ తెరిచి, సోడాబుడ్డి కళ్ళద్దాలు పైకి నెట్టి మళ్ళీ చూశాడు. సైఫర్ పాతదే.

"మెర్జ్ అయిందిగా?" ముల్లు గద్దించాడు.

"అదే సార్ తిరకాసు. రివర్ట్ చేస్తే మార్పులు పోతాయి గానీ సోమవారం మెర్జ్ జరిగిందన్న సంగతి చరిత్రలోంచి పోదు. మళ్ళీ మెర్జ్ చేస్తే, ఇవి ఎప్పుడో కలిశాయి కదా అని కంప్యూటర్ పాత కమిట్లన్నీ, అంటే అప్పుడు నమోదైన మార్పులన్నీ, వదిలేస్తుంది. తర్వాత వేసిన మరమ్మతు కమిట్లు రెండే తెచ్చుకుంటుంది. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి."

"అది ఆమెకి తెలియదా?"

సోడాబుడ్డి లాగ్‌ను కిందికి జరిపాడు. కిందటి నెల ఇంకో బ్రాంచ్‌కు ఇదే చిక్కు వచ్చింది. రివర్ట్‌ను రివర్ట్ చేసి సరిదిద్దిన కమిట్ మీద కెంపు పేరే ఉంది.

వెనక తలుపు గడియ పడింది. కెంపు చేతిలో లిప్‌స్టిక్ గొట్టం, దాని చివర సన్నటి తుపాకీ నోరు.

"ఏడాదిగా మీ అందరి చెవుల్లో పువ్వులు పెట్టాను. ఇంకో ఎనిమిది నిమిషాలు ఓపిక పట్టండి. చెల్లెలికి నొప్పి తెలియదులే."

ముల్లుకు ఒళ్ళు మండిపోయింది. నురగ డబ్బా నేరుగా ఆమె కళ్ళలోకి కొట్టాడు. గుండు సీలింగులో దిగింది. ఆమెను నేలకు అదిమిపట్టి అరిచాడు.

"కొట్టరా రివర్ట్!"

"ఒక లైన్ దగ్గర కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది సార్, పాతది ఉంచాలా కొత్తదా అని అడుగుతోంది!"

"నాకు చెప్పకు, తేల్చు!"

పన్నెండు యాభై తొమ్మిది. కోడ్ విడుదలకు రెండు వేలిముద్రలు కావాలి: రాసినవాడిది, రూమ్ ముఖ్యురాలిది. సోడాబుడ్డి తనది నొక్కేశాడు. కెంపు పిడికిలి బిగించింది. ముల్లు విడదీయబోతే ముంజేతిని కండ ఊడేలా కొరికింది. రక్తం కారుతున్నా అతను ఆమె బొటనవేలిని వేలిముద్రల పలక మీద నొక్కాడు.

తెర మీద గీత మెల్లగా సాగుతోంది. ఎనభై శాతం. గడియారం ఒంటిగంట కొట్టింది. తొంభై. మరో ఇరవై సెకన్లకు గానీ నూరు కాలేదు.  చెల్లెలు పోయిందనే అనుకున్నాడు ముల్లు.

కెంపు హ్యాండ్‌బ్యాగ్‌లో దాచిన రిసీవర్ గరగరలాడింది. ఒక గొంతు నిప్పులు కక్కుతోంది. "ఇదేం చెత్త? ఒక్క ముక్క అర్థం కావట్లేదు! ఎక్కడుందది?"

కెంపు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

అప్పుడే తెర మీద, కొత్త సైఫర్‌లో, మొదటి సందేశం విచ్చుకుంది.

"క్షేమం. పొజిషన్ పంపాను. నిద్రపట్టేసి రేడియో ఒక నిమిషం ఆలస్యంగా ఆన్ చేశాను. అన్నయ్యకి మాత్రం చెప్పకండి, చంపేస్తాడు."